ఓడ మీద ఇద్దరు అబ్బాయిల ప్రేమకథ రాయాలంటే

సముద్రం మీద గే ప్రేమకథ రాద్దామని కూర్చున్నవాళ్ళు చాలామంది మొదటి పేజీలోనే సూర్యాస్తమయం పెట్టేస్తారు. రెయిలింగ్ పట్టుకుని ఇద్దరు కుర్రాళ్ళు, ఎగిరే జుట్టు, ఎర్రటి ఆకాశం. నిజం ఓడలో ఆ టైముకి ఒకడు బ్రిడ్జిలో, అంటే ఓడ నడిపే గదిలో, డ్యూటీలో ఉంటాడు, ఇంకొకడు చేతులకంటిన గ్రీజు వదిలించుకుంటూ ఉంటాడు, మిగిలినవాళ్ళు అర్ధరాత్రి డ్యూటీకి లేవాలని అప్పుడే పడుకుని ఉంటారు. అందుకని కథ మొదలుపెట్టేముందు ఎవరు ఎన్నింటికి లేస్తారో, ఎన్నింటికి పడుకుంటారో ఒక కాగితం మీద రాసుకోండి. అది కుదిరితే ప్రేమకథ సగం కుదిరినట్టే.

ఇది ఒడిశాలో బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. గోపాల్‌పూర్ నుంచి రంగూన్‌కి ఓడలు నడిచిన కాలం నుంచీ మనకి సముద్రం కొత్త కాదు. షిప్పులో పనిచేసే అన్నయ్యో, బావో, పక్కింటి కుర్రాడో మీకూ తెలిసే ఉంటాడు. అది మీ పెట్టుబడి.

ఏ ఓడ?

ఒడ్డున కూర్చున్నవాడికి అన్నీ ఓడలే. రాసేవాడికి అలా కుదరదు. ఒక్కో ఓడలో ఏకాంతం ఒక్కో రకంగా దొరుకుతుంది, కొన్నిట్లో అసలు దొరకదు.

గోపాల్‌పూర్, ఆర్యపల్లి పేటల్లో ఫైబర్ బోటు తెల్లారకముందు వేటకు వెళ్ళి ఎండెక్కాక వచ్చేస్తుంది. బోటులో ఉన్న నలుగురైదుగురిలో సగం మంది చుట్టాలే. అక్కడ రహస్యానికి చోటు లేదు. ఆ కథ రాయాలనుకుంటే వేట లేని రోజుల మీద నడపండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఋషికుల్య నదీముఖం దగ్గర తాబేళ్ళ కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఇంకో నిషేధం ఉంది. చేతిలో పని లేని ఆ నెలల్లో ఒకడు కూలికి వేరే ఊరు వెళ్ళిపోయి, ఇంకొకడు పేటలోనే ఉండిపోయాడనుకోండి, కథ దానంతట అదే నడుస్తుంది.

గుజరాత్ వెరావల్ బోట్లలో కళాసీలుగా (బోటు పనివాళ్ళుగా) వెళ్ళే శ్రీకాకుళం జిల్లా కుర్రాళ్ళ జీవితం ఇంకో రకం. అలా వెళ్ళిన మన తీరం వాళ్ళు 2018 చివర పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇంటికి వచ్చారు. ఊహించి చూడండి: అలాంటి బోటులో ఒకడు చిక్కుకుంటే, ఊళ్ళో వాడి కోసం ఎదురుచూసేవాడు ‘ఫ్రెండ్’ అని మాత్రమే చెప్పుకోగలిగితే, వాడికి కబురు ఎవరు చెప్తారు? గొప్ప నవలకి సరిపడే విషయమే. తేలిగ్గా చదివించే రొమాన్స్‌కి మాత్రం బరువెక్కువ.

నేవీని ఆ క్రమశిక్షణ లోపలినుంచి తెలిసినవాళ్ళకి వదిలేయండి. క్రూజ్ షిప్పులో జనం ఎక్కువ, గొడవ ఎక్కువ, హోటల్ కథకీ దానికీ పెద్ద తేడా ఉండదు. నేను మర్చంట్ నేవీకే, అంటే సరుకు ఓడలకే, ఓటు వేస్తాను. ఇరవై రెండు, ఇరవై మూడు మంది మనుషులు, నెలల తరబడి అవే మొహాలు, బొగ్గో ఇనుప ఖనిజమో మోసే బల్క్ క్యారియర్. ఇక్కణ్ణించి చెప్పేదంతా దాని గురించే.

ఏ సంవత్సరం?

‘ఈ మధ్య’ అని రాసి వదిలేస్తే సముద్రం కథ నిలబడదు. ఏ ఏడాదిలో నడుస్తోందన్నదాన్నిబట్టి ఇంటర్నెట్టూ మారుతుంది, చట్టమూ మారుతుంది, ఓడ వెళ్ళే దారి కూడా మారుతుంది.

నాకు అన్నిటికన్నా ఆశ పుట్టించేది 2018. సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని చెప్పింది. సరిగ్గా అయిదు వారాలకి, అక్టోబర్ 11 తెల్లవారుజామున, తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి, గంజాం, శ్రీకాకుళం జిల్లాలు అల్లాడిపోయాయి. మొదటి వార్తకి ఓడలో ఒకడు ఎవరికీ చెప్పుకోలేని సంతోషంతో తిరుగుతుంటే, రెండో వార్తకి వాడి ఇంటికి ఫోను కలవడం మానేస్తుంది. ఈ రెండు తేదీల మధ్య నవల మొత్తం పట్టేస్తుంది.

2020 తీసుకుంటే కరోనా. కాంట్రాక్టు అయిపోయినా దిగలేక ఆ ఏడాది చివరికి ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4 లక్షల మంది నావికులు ఓడల్లోనే ఉండిపోయారు. అందరూ ఎప్పుడు దిగుతామా అని ఏడుస్తుంటే, ఇద్దరికి మాత్రం ఇంకో నెల దొరికింది. ఆ ఇద్దరికీ లోపల సంతోషం, ఆ సంతోషం చూసుకుని సిగ్గు. ఇంత మంచి ఇరకాటం కావాలని కల్పించినా దొరకదు. 2023 నవంబర్ తరువాతైతే ఎర్ర సముద్రంలో దాడులు. చాలా ఓడలు సూయజ్ మానేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళాయి, ప్రయాణం పది రోజులో రెండు వారాలో పెరిగింది. ఆ అదనపు రోజులు కూడా మీవే.

ఇంకో మాట. 2018 నాటి ఓడలో డేటా అంటే లెక్క చూసుకుని వాడుకునే కార్డు. ఇప్పుడు చాలా ఓడల్లో స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చేసింది, నడిసంద్రంలో వీడియో కాల్ మాట్లాడుతున్నారు. కాబట్టి 2024 కథలో ‘మూడు నెలలు ఉత్తరం లేదు, కబురు లేదు’ అని రాస్తే ఎవరూ నమ్మరు. మౌనం కావాలంటే, కాల్ వస్తున్నా ఎత్తని మనిషిని రాయండి. అది ఇంకా బాగా గుచ్చుకుంటుంది.

ఇద్దరికీ ఉద్యోగాలు

కెప్టెన్‌కీ, శిక్షణలో ఉన్న కేడెట్‌కీ ప్రేమ రాయకండి. ఒకడి రిపోర్టు మీద ఇంకొకడు సంతకం పెట్టేచోట ‘ఇష్టం’ ఎంతవరకు ఇష్టమో పాఠకుడికే కాదు, ఆ కుర్రాడికీ తెలియదు. ఓడల్లో లైంగిక వేధింపులు నిజమైన సమస్య. 2026 జనవరి నుంచి నావికుల ప్రాథమిక శిక్షణలో దాని మీద పాఠం కూడా చేరింది. అది తెలిసిన పాఠకుడు మీ కెప్టెన్‌ని హీరోగా చూడడు.

ఇద్దరూ వేరు వేరు డిపార్ట్‌మెంట్లలో, ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటే చిక్కు ఉండదు. ఉదాహరణకి సుధీర్ అనే సెకండ్ ఆఫీసర్, పర్లాకిమిడి వాడు. కామేశ్ అనే థర్డ్ ఇంజనీరు, బరంపురంలో ఇంటి దగ్గర అప్పడాల వ్యాపారం. ఒకడు బ్రిడ్జి మనిషి, ఒకడు ఇంజన్ రూమ్ మనిషి. డెక్‌కీ ఇంజన్‌కీ ఓడల్లో ఎప్పుడూ ఉండే ఎత్తిపొడుపులు మొదటి నాలుగు అధ్యాయాలకి బోలెడు సరసం ఇస్తాయి.

గంటల చార్టు

ఇక్కడ ఆగి, ఒక పూట కేటాయించండి.

సెకండ్ ఆఫీసర్‌ది పన్నెండు నుంచి నాలుగు డ్యూటీ. మధ్యాహ్నం ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి. ఎనిమిది నుంచి పన్నెండు థర్డ్ ఆఫీసర్‌ది, నాలుగు నుంచి ఎనిమిది చీఫ్ ఆఫీసర్‌ది. ఇప్పటి ఓడల్లో చాలావాటికి రాత్రిపూట ఇంజన్ రూమ్‌లో మనిషి ఉండనక్కర్లేదు. ఇంజనీర్లు పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా పనిచేసి, రాత్రికి ఒకరు డ్యూటీలో ఉంటారు. అలారం మోగితే ఆ ఒక్కడి కేబిన్‌లో మోగుతుంది, లేచి కిందికి పరుగెత్తాలి. ఆ రాత్రి డ్యూటీ ముగ్గురు ఇంజనీర్ల మధ్య తిరుగుతుంది.

ఇప్పుడు సుధీర్‌నీ కామేశ్‌నీ పక్కపక్క గళ్ళలో పెట్టి చూడండి. కామేశ్ లేచే టైముకి సుధీర్ మంచి నిద్రలో ఉంటాడు. సుధీర్ మధ్యాహ్నం డ్యూటీ దిగే నాలుగింటికి కామేశ్ ఏ పంపు కిందో దూరి ఉంటాడు. కామేశ్ భోంచేసి కాస్త తీరిగ్గా కూర్చునేసరికి సుధీర్ రాత్రి డ్యూటీ కోసం పడుకుంటాడు. ఒకే ఓడలో, ఇరవై అడుగుల దూరంలో ఉన్న రెండు కేబిన్ల మనుషులు రోజుకి ఇరవై నిమిషాలు కూడా ఎదురుపడరు. మూడు రాత్రులకోసారి మాత్రం కామేశ్ డ్యూటీలో ఉంటాడు. ఏ రెండున్నరకో అలారం మోగి లేచి, అది సరిచేసి, మళ్ళీ నిద్ర పట్టక, టీ కోసం పైకి వస్తాడు. నాలుగింటికి సుధీర్ డ్యూటీ దిగి వస్తాడు. మెస్ రూమ్‌లో ఆ వేళ ఇంకెవరూ ఉండరు.

అంటే ఈ ప్రేమకథకి ముహూర్తం పెట్టేది చెడిపోయిన ఒక ఫిల్టరు. మీరు విలన్‌ని వెతకనక్కర్లేదు. ‘ఈ రాత్రి అలారం మోగాలి దేవుడా’ అని ఒక సెకండ్ ఆఫీసర్ అనుకోవడం, అనుకున్నందుకు నాలిక కరుచుకోవడం పాఠకుడికి చాలు.

దీనికి ఖరీదు కూడా ఉండాలి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం నావికుడికి ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి దొరకాలి. ఆ లెక్క రోజూ షీటు మీద రాస్తారు. ప్రేమలో పడ్డవాడు ఆ నిద్రలోంచే గంటలు కోసుకుంటాడు. నిద్రలేని సెకండ్ ఆఫీసర్ సింగపూర్ జలసంధిలో, చుట్టూ వంద ఓడల మధ్య, ఒక్క నిమిషం తూలితే ఏమవుతుందో అతనికీ తెలుసు, కామేశ్‌కీ తెలుసు. ‘ఇవాళ రాకు, పడుకో’ అన్న మాట ఏ ‘ఐ లవ్ యూ’ కన్నా గట్టిది. నవల మధ్యలో ఆ మాట ఒక్కసారి వాడండి, రెండోసారి వద్దు.

మాటలు, మైకులు

రాత్రి బ్రిడ్జి మీద దీపాలుండవు. బయట కనపడాలి గనక లోపల చీకటి. రాడార్ వెలుగు, అక్కడక్కడా చిన్న లైట్లు తప్ప మొహాలు సరిగ్గా కనపడవు. ప్రేమ సన్నివేశానికి ఇంతకన్నా మంచి చోటు ఉందా అనిపిస్తుంది. కానీ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ఆఫీసర్ ఒక్కడే ఉండడు. రాత్రిపూట లుకౌట్‌గా, అంటే చుట్టూ కనిపెట్టి చూడ్డానికి, ఇంకో మనిషి ఉండి తీరాలి. రెండు, పెద్ద ఓడల్లో విమానాల బ్లాక్ బాక్స్ లాంటి వి.డి.ఆర్. ఉంటుంది. బ్రిడ్జి మీద మైకులు మాట్లాడిన ప్రతి మాటా రికార్డు చేస్తాయి. 2014 జూలై తరువాత అమర్చినవాటిలో ఆ రికార్డు 30 రోజుల దాకా నిలుస్తుంది. లుకౌట్ ఫిలిప్పీన్స్ వాడు, తెలుగు రాదు, సరే. మైకుకి భాష అడ్డం కాదు. ఏదైనా ప్రమాదం జరిగి ఆ రికార్డు తీస్తే, వినేవాళ్ళలో వైజాగ్ వాడు ఒకడు ఉండడని నమ్మకం ఏముంది!

ఇంకో పరికరం కూడా ఉంది. కాపలా ఆఫీసర్ నిద్రపోలేదని ఓడకి తెలియడానికి ఒక టైమరు. మూడు నుంచి పన్నెండు నిమిషాల మధ్య ఎంతకి పెడితే అంతకోసారి బటన్ నొక్కాలి, లేకపోతే కెప్టెన్ కేబిన్ దాకా అలారం మోగుతుంది. సన్నివేశానికి తాళం అదే వేస్తుంది.

అందుకని బ్రిడ్జి మీద ప్రేమ మాటలు రాయకూడదు, వేరే మాటలు రాయాలి. ఇలా:

“మీ ఇంటి అప్పడాలు ఇంకా ఎన్ని ఉన్నాయి?” బైనాక్యులర్స్ దించకుండానే అడిగాడు సుధీర్.

“ఒక కట్ట.”

“సింగపూర్ దాకా వస్తాయా?”

“నేనొక్కణ్ణే తింటే వస్తాయి.”

టైమర్ లైటు వెలగడం మొదలైంది. సుధీర్ చెయ్యి చాచి నొక్కాడు.

“ఇద్దరం తింటే?”

కామేశ్ అలారం ప్యానెల్ వైపే చూస్తున్నాడు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి.

“ఇద్దరం తింటే రేపటికే అయిపోతాయి,” అన్నాడు. కాసేపాగి, “అయిపోనీ.”

మైకులో పడింది అప్పడాల లెక్క. పాఠకుడికి అందింది వేరు.

ఇంజన్ రూమ్‌లో దీనికి పూర్తిగా తిరగేసిన కష్టం. అక్కడ ఎంత అరిచినా వినపడదు. చెవులకి మఫ్స్, నలభై డిగ్రీలు దాటిన వేడి, మాటలన్నీ చేతి సైగలే. సుధీర్‌ని ఏదో పని మీద ఒకసారి కిందికి పంపండి. కామేశ్ అతని మఫ్ ఒక పక్క ఎత్తి చెవిలో ఏదో చెప్తాడు. ఏం చెప్పాడో మీరు రాయకండి.

పిలుపుల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. మనవాళ్ళ ఓడల్లో అందరి ముందూ సుధీర్‌ని ‘సెకండ్ మేట్’, కామేశ్‌ని ‘తీన్ సాబ్’ అంటారు. ఇద్దరే ఉన్నప్పుడు తెలుగు దిగుతుంది, ‘మీరు’ తో మొదలవుతుంది. అది ‘నువ్వు’ ఎప్పుడయిందో ఇద్దరికీ గుర్తుండకూడదు, పాఠకుడికి గుర్తుండాలి. ఒకడు ఇంకొకణ్ణి ‘అన్నా’ అని మాత్రం పిలవనివ్వకండి. మన చెవికి ఆ పిలుపుతో తోబుట్టువు వచ్చి కూర్చుంటుంది, తరువాత ముద్దు రాయలేరు. ‘బావా’ బ్రహ్మాండంగా పనికొస్తుంది. మన వైపు స్నేహితులు వేళాకోళంగా ఎలాగూ అనుకుంటారు, ఎవరూ అనుమానించరు. బరంపురం వాడి నోట ఒడియా ‘భాయినా’ కూడా పడుతుంది గానీ దాన్ని కుక్‌తోనో, పారాదీప్‌లో ఓడకి దారి చూపడానికి ఎక్కిన పైలట్‌తోనో మాట్లాడేటప్పుడు వాడించండి.

ఒకే మంచం

రొమాన్స్ పాఠకులు ప్రాణం పెట్టే ఏర్పాటు ఇది: ఇద్దరు మనుషులు, ఒకటే మంచం. ఓడలో ఇది అంత సులువు కాదు. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం, అది అమల్లోకి వచ్చాక కట్టిన సరుకు ఓడల్లో ప్రతి నావికుడికీ విడి గది ఉండాలి. మినహాయింపు 3,000 టన్నులకి లోపు ఓడలకో, ప్రత్యేక పనులు చేసేవాటికో దొరుకుతుంది. కాబట్టి కారణం చూపించాలి. ఏసీ పైపు పగిలి కేబిన్ మునగడం, రిపేరు కోసం బయటి మనుషులు ఎక్కడం లాంటివి సరిపోతాయి. లేదా చిన్న ఓడ ఎంచుకోండి.

దీన్ని దాటేసే ఒక నిజమైన వివరం చెప్తాను. ఓడ బాగా ఊగే రాత్రుల్లో మంచం మీంచి దొర్లిపోకుండా నావికులు పరుపు బయటి అంచు కింద లైఫ్ జాకెట్ దూరుస్తారు. అంచు లేస్తుంది, మనిషి గోడకీ పరుపుకీ మధ్య ఇరుక్కుని నిశ్చింతగా పడుకుంటాడు. ఆ రాత్రి సుధీర్ కేబిన్‌లో ఆ లైఫ్ జాకెట్ కొక్కేనికే వేలాడుతూ ఉందని ఒక్క వాక్యం రాస్తే చాలు.

పడకగది ఎంతవరకు రాయాలన్నది మీ ఇష్టం, మీరు పెట్టే చోటు నియమాల ఇష్టం. నా సలహా ఒక్కటే: సంస్కృత సమాసాల్లోకి పారిపోకండి. ‘అధరామృతం’ అన్నచోట పాఠకుడు నవ్వుతాడు. మెడ మీద డీజిల్ వాసన అని రాయండి.

తుఫాను ఎక్కడ పెట్టాలి?

నడిసంద్రంలో తుఫాను, ఒకడు కొట్టుకుపోవడం, ఇంకొకడు ఏడవడం. దయచేసి ఇది వద్దు. మొదటి కారణం, ఇప్పటి ఓడలు వాతావరణ సూచనలు చూసి తుఫాన్లని చాలావరకు తప్పించుకుపోతాయి. రెండో కారణం పెద్దది. మగవాళ్ళిద్దరు ప్రేమించుకుంటే ఒకడు చావాలి అన్న లెక్క మన కథల్లో ఎన్నాళ్ళు నడుస్తుంది? రొమాన్స్ అని పేరు పెట్టి పాఠకుణ్ణి పిలిచి, చివర్లో శవం చూపిస్తే అది మోసం.

తుఫాను మన తీరం మీదికి వస్తుంది, అక్కడే పెట్టండి. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, ఆ రాత్రి గుర్తు లేనివాళ్ళు బరంపురంలో లేరు. మన వైపు అక్టోబర్ వచ్చిందంటే అందరికీ టెన్షనే. 2018 కథలో తిత్లీ వచ్చేసరికి కామేశ్ సెలవు మీద బరంపురంలో ఉన్నాడనుకుందాం. సుధీర్ ఎక్కడో హిందూ మహాసముద్రంలో, నీళ్ళు అద్దంలా ఉన్నచోట. పర్లాకిమిడిలో కరెంటు లేదు, టవర్లు లేవు, అమ్మ ఫోను కలవడం లేదు. ఓడలో ఉన్నవాడు క్షేమం, ఇంట్లో ఉన్నవాళ్ళు ప్రమాదంలో.

కామేశ్ బండి తీస్తాడు. పడిపోయిన చెట్లు, తెగిన రోడ్లు, ఎక్కడో బండి దింపి నడక. సాయంత్రానికి ఆ ఇంటి గుమ్మంలో తడిసి ముద్దయిన ఒక కుర్రాడు నిలబడి ‘సుధీర్ పంపాడమ్మా’ అంటాడు. సుధీర్ పంపలేదు. ఆవిడ తువ్వాలు ఇచ్చి, పొయ్యి మీద టీ పెట్టి, ‘నువ్వెవరు నాయనా?’ అని అడుగుతుంది. ఈ ప్రశ్నకి కామేశ్ ఇచ్చే జవాబు మీద కనీసం రెండు రోజులు కూర్చోండి. నవలలో అన్నిటికన్నా కష్టమైన వాక్యం అదే.

ఇదంతా చెప్పింది ఎందుకంటే, ఆ తల్లిని మీరు విలన్ చేసే ప్రమాదం ఉంది. మర్చంట్ నేవీ కుర్రాడు సెలవు మీద దిగాడంటే మన ఇళ్ళలో అది సంబంధాల సీజన్. దిగిన వారానికే పెళ్ళిచూపులు, మళ్ళీ ఎక్కేలోపు నిశ్చితార్థం. ఆవిడ చేసేది ఏ తల్లైనా చేసేదే. సుధీర్ చేతిలో ఆమె పెట్టే ఫోటోకి కూడా ఒక మనిషి ఉంది, ఒక ఉద్యోగం ఉంది, ఆశ ఉంది. హీరో ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకుని తన రహస్యాన్ని దాచుకుంటే పాఠకుడు క్షమించడు, క్షమించకూడదు కూడా. ‘కుదరదమ్మా’ అని చెప్పేదాకా అతన్ని తీసుకెళ్ళడమే మీ మూడో భాగం పని.

అసలు విడిపోవడం మాత్రం ఇంకా మామూలుగా జరుగుతుంది. ఆఫీసర్ల కాంట్రాక్టులు సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు. ఇద్దరూ ఒకే రోజు ఎక్కి ఉండరు, ఒకే రోజు దిగరు. ఒకడి బదులు పనిచేయడానికి రిలీవర్ వస్తాడు, చార్జ్ అప్పగించడానికి కొన్ని గంటలు, ఓడ దిగే గ్యాంగ్‌వే మీద సూట్‌కేసు, అందరికీ షేక్‌హ్యాండ్. అందరికీ ఇచ్చినట్టే అతనికీ ఇవ్వాలి. తరువాత ఓడ ఏదో కంపెనీ ఆఫీసులో కూర్చున్నవాళ్ళు నిర్ణయిస్తారు. ఆ షేక్‌హ్యాండ్ ఎంతసేపు పట్టుకున్నాడో రాసేటప్పుడు మాత్రం పొదుపుగా ఉండండి.

రేవులు

ఓడ మీద ఏ జెండా ఉంటే నడిసంద్రంలో ఆ దేశపు చట్టం. మనవాళ్ళు పనిచేసే ఓడలు చాలా పనామావో, లైబీరియావో, మార్షల్ దీవులవో. రేవులో దిగితే ఆ దేశం చట్టం. సౌదీ, ఇరాన్, ఖతార్ రేవుల్లో స్వలింగ సంబంధం నేరం. అక్కడ మీ హీరోలు ఫోన్లలో ఫోటోలు దాచుకుంటారు, పక్కపక్కన నడవరు. అదే తైవాన్‌లో 2019 నుంచి, థాయిలాండ్‌లో 2025 జనవరి నుంచి ఇద్దరు మగవాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చు. తైవాన్ రేవు కావోసియుంగ్‌లోనో థాయిలాండ్ రేవు లేమ్ చాబాంగ్‌లోనో ఒడ్డుకి దిగడానికి నాలుగు గంటల షోర్ లీవ్ ఇవ్వండి. పెద్దగా ఏం జరగక్కర్లేదు. చెయ్యి పట్టుకుని నూడిల్స్ కొట్టు దాకా నడిస్తే ఎవరూ తిరిగి చూడలేదు, అంతే.

ఒక రేవు మాత్రం వదలకండి. ఓడ గోపాల్‌పూర్ ముందు లంగరు వేసినప్పుడు లైట్‌హౌస్ కనపడుతుంది, ఫోనులో సిగ్నల్ వస్తుంది, ఇల్లు అరగంట దూరం, కానీ దిగడానికి లేదు. కామేశ్‌కి ఆ రాత్రి ఎలా గడిచిందో ఒక అధ్యాయం రాయొచ్చు.

చివరికి ఏమవ్వాలి?

మన దేశంలో పెళ్ళితో ముగించలేరు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేదు. మరి సుఖాంతం ఎలా? మన మధ్యతరగతి సుఖాంతాలు ఎప్పుడూ కాగితాల్లోనే ఉంటాయి కదా, అక్కడ వెతకండి. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ, స్వలింగ భాగస్వాములు జాయింట్ అకౌంట్ తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని స్పష్టం చేసింది. బరంపురం ఆస్కా రోడ్డులో ఏదో బ్యాంకు, టోకెన్ పట్టుకుని ఇద్దరు, ఫారంలో ‘సంబంధం’ అనే గడి దగ్గర ఆగిన పెన్ను. ఎదురుగా క్లర్కు ఆవులిస్తూ ‘తొందరగా రాయండి, లంచ్ టైమ్’ అనడం నాకు చాలా ఇష్టమైన ముగింపు. కథ 2018లో మొదలైతే ఇది ఆరేళ్ళ తరువాతి చివరి అధ్యాయం.

పండగ కావాలంటే రెండేళ్ళకోసారి వచ్చే బరంపురం ఠాకురాణి యాత్ర ఉంది. వేషాల గుంపులో ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో ఎవరు చూస్తారు? ఇద్దరి సెలవులూ ఆ యాత్రకి కలిసేలా కంపెనీని బతిమాలుకోవడం కూడా ప్రేమే.

పోస్టు చేసేముందు

ఒక్కో భాగం పదిహేను వందల మాటలు దాటనివ్వకండి, ఫోనులో చదివేవాళ్ళకి అంతకన్నా ఓపిక ఉండదు. ఓడలో పనిచేసిన ఒకరికి, గే పాఠకుడు ఒకరికి ముందు చూపించండి. మొదటివాళ్ళు టైమింగులు దిద్దుతారు, రెండోవాళ్ళు అబద్ధపు ఏడుపులు దిద్దుతారు.

మీకు తెలిసిన నిజం మనిషి కథ వాడుకుంటున్నట్టయితే మాత్రం జాగ్రత్త. మన ఊళ్ళలో ఎవరు ఏ కంపెనీలో, ఏ ఓడలో ఉన్నారో వీధి వీధంతా తెలుసు. ఆయన్ని అడగండి, వద్దంటే మానేయండి. సరే అన్నా కూడా ఓడ పేరు, ర్యాంకు, ఎక్కిన నెల, ఊరు, ఈ నాలుగింటిలో కనీసం మూడు మార్చాకే మొదటి భాగం పెట్టండి.